చేదతాడు

22 అక్టోబరు 2015, గురువారం

విజయదశమి. పొద్దున్నుంచీ టీవీ నిండా అమరావతి శంకుస్థాపనే. మిల్లులో ఆయుధపూజకి కొట్టిన గుమ్మడికాయ కుంకుమనీళ్ళు షూ మీద ఇంకా అలాగే ఉన్నాయి. సాయంత్రం మావాడు వచ్చి ‘నాన్నా, కొత్త సినిమా వచ్చింది, యుద్ధం కథట, వస్తావా?’ అన్నాడు. గాజువాక వెళ్ళి ‘కంచె’ చూసొచ్చాం.

ఇంటికొచ్చి గంట దాటింది. నిద్ర రావడం లేదు.

1944, ఇటలీ. బ్రిటిష్ సైన్యంలో మన తెలుగువాడు హరిబాబు. అతని మీద అధికారి ఈశ్వరప్రసాద్, సీతకి అన్న. సీత జమీందారీ ఇంటి పిల్ల, హరిబాబుది కింది కులమని పక్కన పెట్టిన ఇల్లు. మద్రాసులో చదువుకునే రోజుల్లో ఇద్దరికీ మనసు కలిసింది. ఊరికొచ్చేసరికి ఊరు రెండుగా చీలి మధ్యలో కంచె పాతుకుంది. దర్శకుడు క్రిష్ కథని కాసేపు యుద్ధంలోనూ కాసేపు ఊళ్ళోనూ నడిపించాడు. అక్కడ తుపాకులు పేలుతుంటే ఇక్కడ వాళ్ళ ఊరు దేవరకొండలో పచ్చని చేలు. చేల నడుమ ముళ్ళ తీగ.

అతను సీతకి ఉత్తరాలు రాస్తూనే ఉంటాడు. ఆ ఉత్తరాలు చదివే మనిషి ఇక లేదని మనకి తెలిసేసరికి బాగా ఆలస్యమవుతుంది. అక్కడ నాకు గొంతు పట్టేసింది. పక్కన కొడుకున్నాడని అద్దాలు తుడుచుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

సీతని చంపింది హిట్లరు కాదు. ఇటలీ దాకా పోయి ఇంత యుద్ధం చూపించి, ఆ పిల్ల ప్రాణం మాత్రం ఊళ్ళోనే, ఊరివాళ్ళ మధ్యే తీశారు. ఈ మాట చెప్పడానికే ఈ సినిమా తీశారని నా నమ్మకం. 

ఉత్తరం అన్న మాట రాస్తుంటేనే చెయ్యి ఆగుతోంది. ఇవాళ్టికి చాలు.

24 అక్టోబరు 2015, శనివారం

సి షిఫ్టు దిగి వచ్చాను. స్నానం చేసినా ఆ వేడి ఒంటిని వదల్లేదు.

నేను వైర్ రాడ్ మిల్లులో చేరి పాతికేళ్ళు కావస్తోంది. నూట పాతిక మిల్లీమీటర్ల బిల్లెట్ కొలిమిలోంచి పచ్చగా మండుతూ వస్తుంది. స్టాండు తరవాత స్టాండు దాటుతూ సన్నబడి సన్నబడి, చివరికి 5.5 మిల్లీమీటర్ల తీగై కంటికి అందనంత వేగంతో దూసుకొస్తుంది. లేయింగ్ హెడ్ దగ్గర వలయాలు తిరిగి స్టెల్మోర్ కన్వేయర్ మీద ఒకదాని మీద ఒకటి ఒరుగుతుంది. జంతికల గిద్దెలోంచి చుట్లు పడినట్టే ఉంటుంది. ఎరుపు ముదిరి నలుపు తిరిగాక చుట్ట కట్టి లారీకి ఎక్కిస్తాం. ఏడాదికి ఎనిమిదిన్నర లక్షల టన్నులకి కట్టిన మిల్లు ఇది.

ఆ తీగ ఎక్కడికి పోతుందో ఇన్నేళ్ళలో నేను ఆలోచించింది తక్కువ. మేకులవుతుంది, బోల్టులవుతుంది, వెల్డింగు రాడ్లవుతుంది. మెత్తరకం తీగని బయట డ్రాయింగు యూనిట్లలో ఇంకా సన్నగా లాగి, జింకు పూత పూసి, రెండు పోగులు మెలేసి మధ్యమధ్య ముళ్ళు కట్టి కంచె తీగ కూడా చేస్తారు. అమెరికాలో గ్లిడెన్ అనే రైతు 1874లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. పశువులు చేలో పడకుండా ఆపడానికి తయారుచేసింది. నలభై ఏళ్ళు తిరిగేసరికి మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల ముందు మనుషులు దాని మీదే వేలాడారు.

రాత్రి మూడింటప్పుడు కన్వేయర్ పక్కన నిలబడి ఆ ఎర్రటి వలయాలని చూస్తుంటే ఇదంతా గుర్తొచ్చింది. తీగది తప్పని నేనను. మా ఊళ్ళో మనుషుల్ని ఆపడానికి తీగ అవసరమే పడలేదు. ఒక బావి గట్టు సరిపోయింది.

1 నవంబరు 2015, ఆదివారం

1966లో ఇదే రోజున విశాఖలో ఉక్కు కర్మాగారం కోసం అడిగినవాళ్ళ మీద కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో మొత్తం 32 మంది ప్రాణాలిచ్చారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నాన్న పట్నం నుంచి రాత్రి నడిచొచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే అరుగు మీద కూలబడిపోవడం గుర్తుంది. తరవాత ఇందిరాగాంధీ పునాదిరాయి వేశారు. అరవైనాలుగు ఊళ్ళు కదిలాయి. అందులో మాదొకటి. నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు మీద వచ్చిన ఉద్యోగం నాది. ఈ అన్నం ఆ ఊరు పెట్టిందే.

ఊరు పోయినప్పుడు అందరం ఏడ్చాం. పునరావాస కాలనీలో స్థలాలు పంచుకునేటప్పుడు మాత్రం మా పెద్దలు పాత వీధులే మళ్ళీ గీసుకున్నారు. ఎవరి వరస వారిదే, ఊరు దూరం పెట్టిన పేట మళ్ళీ దక్షిణపు కొసకే. ఎవరూ చెప్పలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. ఇళ్ళ తలుపులూ ద్వారబంధాలూ బళ్ళకెత్తుకొచ్చినట్టే అదీ ఎత్తుకొచ్చుకున్నాం.

8 నవంబరు 2015, ఆదివారం

అమ్మని బీచి రోడ్డుకి తీసుకెళ్ళాను. ఎనభై రెండేళ్ళు. మోకాళ్ళు సహకరించవు గానీ మనసు చురుకు. కురుసుర సబ్‌మెరైన్ చూసి ‘ఇందులోన ఊపిరి ఎలాగాడతాదిరా?’ అంది. తరవాత విశాఖ మ్యూజియం. ఆ పాత డచ్చి బంగళాలో, జపానువాళ్ళు వేస్తే పేలకుండా పడిపోయిన బాంబుని ఉంచారు. అమ్మ దాని ముందు కర్ర ఆనించి నిలబడిపోయింది.

1942 ఏప్రిల్ 6, సోమవారం. ర్యూజో అన్న జపాను ఓడ మీంచి లేచిన విమానాలు కాకినాడ మీదా మన రేవు మీదా బాంబులు వేశాయి. సింధియా షిప్‌యార్డుకి పునాది పడి ఏడాది కూడా కాలేదప్పటికి. జనం మూటాముల్లే సర్దుకుని లోపలి ఊళ్ళకి పారిపోయారు. విశ్వవిద్యాలయం గుంటూరుకి తరలిపోయింది.

‘యారాడ కొండవతల ఉరిమినట్టయిందిరా. ఎండలోన ఉరుమేటని మేం నవ్వుకున్నాం. రేవులోన పనికెళ్ళినోలు ఉరుక్కుంటూ వొచ్చి చెప్తే అప్పుడు ఏడుపులు. మా అయ్య నన్ను బుజానేసుకుని రెండు రోజులు నడిసీసినాడు’ అంది. కాసేపాగి, ‘ఆ ఏడే మీ అత్త బావికాడి కుర్రోడు పట్టాలంలో కలిసిపోనాడట’ అంది.

నేను నిలువునా అదిరిపడ్డాను. అమ్మకి తెలుసా! ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట అమ్మ నోట వినలేదు. ఏమీ అడగలేకపోయాను. ఆటోలో ఇంటిదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

22 నవంబరు 2015, ఆదివారం

రాసెయ్యాలి. రాయకుండా ఈ పుస్తకం పెట్టుకుని లాభం లేదు.

మా మేనత్త, నాన్నకి అప్ప. పదిహేడో ఏట పెళ్ళి చేసి పంపితే ఏడాది తిరక్కుండా పుట్టింటికి వచ్చేసింది. ఎందుకొచ్చిందని ఇంట్లో ఎవరూ అనేవారు కాదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తను మా ఇంట్లోనే ఉండేది. నన్ను పెంచింది అమ్మ కంటే ఎక్కువ అత్తే.

1969 వేసవి. నేను ఏడో తరగతి పరీక్షలు రాసి ఉన్నాను. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక అత్త నన్ను జీడితోటలోకి తీసుకెళ్ళి, రొంటిన దోపుకున్న గుడ్డమూట విప్పింది. అందులో ఒక ఉత్తరం. మడతల దగ్గర చిరిగిపోవడానికి సిద్ధంగా ఉంది. కవరు మీద గుండ్రటి ఫీల్డు పోస్టాఫీసు ముద్ర, పక్కన సెన్సారు ముద్ర. ఊరు పేరు లేదు. సెలవు మీద వచ్చిన సిపాయి ఎవరో చీకటిపడ్డాక తెచ్చి చేతిలో పెట్టాడట. అప్పటికి పాతికేళ్ళ కిందటి మాట. అత్తకి అక్షరం రాదు. ఎవరి చేత చదివించుకోగలదు? పాతికేళ్ళు ఏముందో తెలియని ఉత్తరాన్ని ఒంటిమీద దాచుకుని తిరిగి, నాకు చదువొచ్చేదాకా కాచుకుంది.

రాసింది కూడా ఆ బావికాడి కుర్రాడు కాదు. కంపెనీలో రాయసగాడెవరో రాసిపెట్టినట్టుంది, ముత్యాల్లాంటి అక్షరాలు. పయొనీరు కంపెనీ, రోడ్డు వేసే పని. వాన, జలగలు, బురదలో కూరుకుపోయే లారీలు, తిన్నది పడని కడుపు. ఇప్పుడు తెలుస్తోంది, అది అస్సాం దాటి బర్మా వైపు వేసిన రోడ్లలో ఒకటై ఉంటుంది. ఊళ్ళో ఒక్కొక్కరి క్షేమం పేరుపేరునా అడిగాడు. అత్త పేరు మాత్రం ఎక్కడా లేదు. సెన్సారు చూస్తాడు, రాసేవాడు చూస్తాడు, చదివేవాడూ చూస్తాడు. ముగ్గురి కళ్ళ ముందు ఏమని రాయించగలడు? చివర్లో, ఊరి బావికి తను పేనిన చేదతాడు ఇంకా ఉందా అని అడిగాడు. ఆ తరవాత ఇంకో మాట కూడా ఉంది. అదే నాకు గుర్తురావడం లేదు.

వాళ్ళింట్లో గోగునారతో తాళ్ళు పేనేవారు. ఊరి బావికి తాడు ఇచ్చేది వాళ్ళే. ఇచ్చేదాకా అది వాళ్ళది. ఒకసారి గిలక మీద పడ్డాక దాన్ని వాళ్ళు ముట్టుకోకూడదు. కుండ కింద పెట్టి, గట్టుకి అవతల దూరంగా నిలబడి, ఎవరైనా తోడి పోస్తారేమోనని ఎదురుచూడాలి. ఎండలో గంట, రెండు గంటలు. అత్త తోడి పోసేది. వాళ్ళిద్దరి మధ్యా జరిగిందంతా ఆ ధార పడేంతసేపే అయ్యుంటుంది.

అత్త మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. ఏడవలేదు. పెదవులు మాత్రం నాతోపాటు కదిలాయి.

ఆ రాత్రి నేను తాతకి చెప్పేశాను. ఎందుకు చెప్పానో నలభై ఆరేళ్ళుగా అడుక్కుంటూనే ఉన్నాను. పెద్దవాళ్ళ రహస్యం ఒకటి నా దగ్గరుందన్న గొప్ప కావచ్చు. తాత ఒక్క మాటా అనలేదు. లేచెళ్ళి అత్త ముందు చెయ్యి చాపాడు. అత్త మూట విప్పి ఇచ్చింది. తాత పొయ్యిలో పెట్టాడు. పొయ్యి మీద ఉలవలు ఉడుకుతున్నాయి. కాగితం అంటుకునేటప్పుడు ఆ ఇంకు అక్షరాలు ఒక్క క్షణం ఎర్రగా మెరిశాయి, ఆ తరవాత పోయాయి.

మర్నాడు అత్త ఎప్పట్లాగే నాకు గోరుముద్దలు పెట్టింది. ఒక్కసారి కూడా అడగలేదు. నా చేత ఇంకెప్పుడూ ఏదీ చదివించుకోలేదు.

13 డిసెంబరు 2015, ఆదివారం

మూడు వారాలు పెన్ను పట్టలేదు.

‘కంచె’లో యుద్ధాన్ని జార్జియా దేశంలో తీశారని పేపర్లో చదివాను. జార్జియా అనగానే ఇంకో సినిమా గుర్తొచ్చింది. ప్లాంటు కడుతున్న రోజుల్లో సోవియట్ నిపుణులు చాలామంది ఇక్కడే ఉండేవారు. 1979 ఒప్పందం ప్రకారం వాళ్ళ సాయంతో కట్టిందే కదా ఇదంతా. ఒక రాత్రి తెల్లగుడ్డ కట్టి ‘కొంగలు ఎగురుతున్నాయి’ అన్న రష్యన్ సినిమా వేశారు. 1957 నాటిది. తీసిన కలతొజోవ్ జార్జియాలోనే, తిబిలీసీలో పుట్టాడట. ఆ మరుసటి ఏడు కాన్ పండుగలో పెద్ద బహుమతి వచ్చింది దానికి.

బోరిస్, వెరోనికా. అతను యుద్ధానికి పోయి అడవి బురదలో గుండు తగిలి పడిపోతాడు. పడుతూ పైకి చూస్తే భోజవృక్షాల కొమ్మలు గిర్రున తిరుగుతాయి. ఆమెకి ఆ సంగతి తెలియదు. కాచుకుంటుంది, నలుగుతుంది, ఇంకొకరిని కట్టుకుంటుంది. చివరికి స్టేషన్లో గెలిచొచ్చిన సైనికుల గుంపులో అతన్ని వెతికి, రాడని తెలిశాక చేతిలో పూలని ఎదురొచ్చిన వాళ్ళందరికీ పంచేస్తుంది.

మాటలు ఒక్కటీ అర్థం కాకపోయినా నా పక్కన ఒక రష్యన్ ఇంజనీరు, భారీ మనిషి, చిన్నపిల్లాడిలా వెక్కుతుంటే నేనూ ఏడ్చాను. వాళ్ళ కథలో ప్రేమని యుద్ధం చంపింది. అందుకే ఆ పూలు పంచే వీలుంది. ఊరంతా, దేశమంతా ఆమెతో కలిసి ఏడుస్తుంది. మా అత్త ఎవరితో కలిసి ఏడుస్తుంది? పోయినవాడు తనకేమవుతాడని చెప్పుకుంటుంది? ‘కంచె’ తీసినవాళ్ళు పట్టుకున్న కష్టం ఇదేనని నాకనిపిస్తోంది. హరిబాబు బతికొచ్చినా అతని కోసం స్టేషన్లో నిలబడటానికి ఊళ్ళో ఎవరూ మిగల్లేదు.

28 మార్చి 2016, సోమవారం

‘కంచె’కి తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు. ‘బాహుబలి’కి దేశం మొత్తం మీద వచ్చింది కాబట్టి అందరూ దాని గురించే మాట్లాడుతున్నారు. క్యాంటీన్లో మాత్రం నేను ‘కంచె’ గురించి పది నిమిషాలు చెప్పాను. కుర్రాళ్ళు టీ చల్లారబెట్టుకుని విన్నారు.

రెండో ప్రపంచ యుద్ధానికి మన దేశం నుంచి పాతిక లక్షల మంది వెళ్ళారు. ఇటలీకే యాభైవేల దాకా. పశ్చిమగోదావరిలో మిలిటరీ మాధవరం లాంటి ఊళ్ళు తమవాళ్ళని గుర్తుపెట్టుకున్నాయి. రాత్రి మావాడి చేత ఫోనులో యుద్ధ సమాధుల జాబితా తీయించాను. రంగూను దగ్గర తౌక్యాన్‌లో స్మారకం ఉంది. సమాధి కూడా దొరకని 27 వేల మంది పేర్లు స్తంభాల మీద చెక్కారు. అత్తకి ఉత్తరం పంపినతని పేరున్నవాళ్ళు చాలామంది కనిపించారు. ఇంటిపేరు నాకు తెలియదు. పేటలో వాళ్ళ ఇంటిపేర్లు మావాళ్ళెవరూ ఎప్పుడూ పలకలేదు.

‘ఎవరు నాన్నా?’ అన్నాడు మావాడు. ‘మన ఊరి మనిషి’ అన్నాను. అలా అనడం నాకే కొత్తగా ఉంది.

6 ఏప్రిల్ 2016, బుధవారం

బాంబులు పడి ఇవాళ్టికి డెబ్భై నాలుగేళ్ళు. ఎల్లుండి ఉగాది. ఎ షిఫ్టు నుంచి వచ్చేసరికి అమ్మ వరండాలో చింతపండులో గింజలు తీస్తోంది. పక్కన కూర్చుని నేనూ ఒక పళ్ళెం తీసుకున్నాను. అన్నీ చెప్పేశాను. జీడితోట, ఉత్తరం, తాత, పొయ్యి.

అమ్మ చెయ్యి ఆగలేదు. ‘తెలుసురా. వదిన నాకు అప్పుడే చెప్పింది’ అంది.

‘నా మీద కోపం లేదా ఆవిడకి?’

‘కోపమేటి? రెండుసార్లు సదివినావట కదా. అదే చాలంది. పిండి ఇసురుతా ఆ ఉత్తరం ముక్క పొల్లుపోకుండా ఒప్పజెప్పీది నాకు.’

చివరి మాట అడిగాను. తాడు ఉందా అన్న తరవాత ఏముంది?

అమ్మ గింజల్ని పక్కకి తోసి, కళ్ళు మూసుకుని, తనది కాని గొంతుతో చెప్పింది. ‘తెగిపోతే పారెయ్యొద్దు. ఎక్కడైనా దాచమని చెప్పవలెను.’

ఆ ‘చెప్పవలెను’ రాయసగాడిది. మిగతాది అతనిది.

‘ఉత్తరంలోన ఏటుందో తెలీకముందే దాచిందిరా ఆవిడ. యుద్ధంలోనే కొత్త తాడేసినారు బావికి. పాతది అడిగి ఇంటికి తెచ్చీసుకుంది’ అంది అమ్మ. కాసేపటికి, ‘అవునూ, ఆ తాడేమయిందిరా?’ అంది.

చావిట్లో మేకుకి చుట్టగా వేలాడేది. నా చిన్నప్పుడూ అక్కడే ఉంది. ఊరు ఖాళీ చేసినప్పుడు అత్త దాన్ని ఒళ్ళో పెట్టుకుని బండెక్కింది. కాలనీ ఇంట్లోనూ మేకు కొట్టించి తగిలించుకుంది. నల్లబడి, అరచేతులు పట్టి లాగిన చోట నున్నగా అద్దంలా ఉండేది. అత్త 2001లో పోయింది.

2002 భోగి తెల్లవారుజామున పిల్లలు మంటకి పాత సామాను చాలలేదంటే, నేనే దాన్ని మేకు మీంచి తీసి వేశాను. మొదట పొగ వచ్చింది. తరవాత చాలాసేపు కాలింది.